క్లచ్ సెట్ చేయమంటే తిప్పడానికి అడ్జస్టర్ లేని బండి

విజయవాడ ఆటోనగర్‌లోనైనా, గుంటూరు అరండల్‌పేటలోనైనా బైకు మెకానిక్ చెవిన రోజూ పడే మాట ఒకటుంది: "క్లచ్ మరీ పైన పడుతోందన్నా, కాస్త సెట్ చెయ్యి." మెకానిక్ లివర్ దగ్గరున్న లాక్ నట్టు లూజు చేసి, అడ్జస్టర్ రెండు చుట్లు తిప్పి, లివర్ ఒకసారి నొక్కి వదిలి "ఇప్పుడు చూడు తమ్ముడూ" అంటాడు. నిమిషం పని. తెలిసిన బండి అయితే డబ్బులు కూడా అడగడు. అదే మాట హైడ్రాలిక్ క్లచ్, అంటే వైరుకి బదులు ఆయిల్ ఒత్తిడితో పనిచేసే క్లచ్, ఉన్న బండి తెచ్చి అడిగితే మాత్రం ఆయన చేతిలో ఏమీ లేదు. తిప్పడానికి అడ్జస్టరే ఉండదు. లివర్ మొదట్లో 1, 2, 3, 4 అని అంకెలున్న చిన్న చక్రం ఒకటి కనిపిస్తుంది గానీ అది క్లచ్ కోసం పెట్టింది కాదు, వేళ్ల పొడవు కోసం పెట్టింది.

వైరు క్లచ్ నుంచి హైడ్రాలిక్‌కి మారినవాళ్ల తిప్పలు చాలావరకు ఇక్కడే మొదలవుతాయి. వైరు బండిలో క్లచ్‌ని చేతికి తగ్గట్టు తెచ్చుకోవచ్చు. హైడ్రాలిక్‌లో క్లచ్ పట్టే చోటు, అంటే లివర్ వదులుతుంటే బండి కదలడం మొదలయ్యే చోటు, కంపెనీ పెట్టిన దగ్గరే ఉంటుంది, చెయ్యే అక్కడికి అలవాటు పడాలి. ఇది మొదటి వారం ఇబ్బంది, దానంతటదే పోతుంది. రెండో ఇబ్బంది నెలల తర్వాత వస్తుంది, ఖర్చు కూడా దానితోనే. ఇంజిన్ బలాన్ని గేర్లకి అందించే క్లచ్ ప్లేట్లు అరుగుతున్న సంగతి వైరు బండిలో లివరే చెప్పేస్తుంది. హైడ్రాలిక్ లివర్ చివరిదాకా చెప్పదు.

విజయవాడ బెంజ్ సర్కిల్ సిగ్నల్ దగ్గర ఆగిన బళ్లని ఒకసారి చూస్తే దాదాపు అన్నీ వైరువే. ఎన్‌ఫీల్డ్ 350 నుంచి 650 వరకు, పల్సర్లు, ఆర్15, డ్యూక్ 390 అన్నిటికీ వైరే. హైడ్రాలిక్ క్లచ్ ఎదురయ్యేది హయబుసా, డుకాటీ, గోల్డ్‌వింగ్, బీఎండబ్ల్యూ జీఎస్ లాంటి పెద్ద బళ్లలో. వీటిని కొత్తవి కొనేవాళ్లు తక్కువ. చేతులు మారిన బళ్లు హైదరాబాద్, బెంగళూరు నుంచి ఇక్కడికి వస్తుంటాయి. అందుకే చాలామందికి హైడ్రాలిక్ క్లచ్ మొదటి పరిచయమే ఒక పాత బండి మీద, అప్పటికే సగం అరిగిన ప్లేట్లతో, నల్లబడిన ఆయిల్‌తో జరుగుతుంది. క్లచ్ స్వభావం ఏది, బండి జబ్బు ఏది అన్నది తేల్చుకోవడం అందుకే కష్టం.

ఖరీదైన బండికి హైడ్రాలిక్, చవక బండికి వైరు అనే లెక్క కూడా నిలవదు. హోండా ఫైర్‌బ్లేడ్ 2004 మోడల్లో హైడ్రాలిక్ క్లచ్ ఉండేది. 2008 మోడల్‌కి వచ్చేసరికి అదే కంపెనీ దాన్ని తీసేసి వైరు పెట్టింది. లీటరు సూపర్‌బైకుల్లో బీఎండబ్ల్యూ ఎస్1000ఆర్‌ఆర్‌ది వైరే, యమహా ఆర్1దీ వైరే. బరువు తక్కువ, రిపేరు సులువు, చేతికి కబురు సరిగ్గా అందుతుంది అనేవి వైరు వైపు వాదనలు. వాటిలో నిజం ఉంది.

చేతికి అందే ఆ కబురు ఏమిటో చూడాలి. వైరు క్లచ్ లివర్ కొన దగ్గర చాలా బళ్లకి 10 నుంచి 20 మిల్లీమీటర్ల ఫ్రీ ప్లే ఉంచుతారు. ఆ మాత్రం వదులు లేకపోతే లివర్ వదిలేసినా వైరు కొద్దిగా లాగుతూనే ఉంటుంది, ప్లేట్లు పూర్తిగా బిగుసుకోవు, క్లచ్ జారుతుంది. బండి తిరిగేకొద్దీ ఈ వదులు రెండు వైపులా మారుతుంది. వైరు సాగితే పెరుగుతుంది. ప్లేట్లు అరిగితే తగ్గుతుంది, క్లచ్ లివర్ చివర్లో, అంటే 'పైన' పట్టడం మొదలవుతుంది. ట్రాఫిక్‌లో ఇంజిన్ వేడెక్కితే కూడా కాస్త అటూ ఇటూ అవుతుంది. ఇది బాగా తెలిసిన చేతులు రామవరప్పాడు రింగు దగ్గర ఇరుక్కున్నప్పుడు ఆలోచించకుండానే అడ్జస్టర్‌ని వేలితో ఓ అర చుట్టు తిప్పేస్తాయి. ఏళ్ల తరబడి వైరు బండి నడిపినవాళ్లకి క్లచ్ అంటే రోజుకో చోట పట్టేది, ఆ చోటుని చెయ్యి వెతుక్కుంటూ వెళ్లేది. ఈ వెతుకులాట ఎంత అలవాటైపోతుందంటే అసలు వెతుకుతున్నట్టే తెలియదు.

హైడ్రాలిక్‌లో లివర్ వైరుని లాగదు, ఒక చిన్న పిస్టన్‌ని తోస్తుంది. హ్యాండిల్ మీదున్న మాస్టర్ సిలిండర్లో ఆ పిస్టన్ ఆయిల్‌ని గొట్టంలోకి నెడుతుంది. ఇంజిన్ పక్కనున్న స్లేవ్ సిలిండర్లో ఇంకాస్త పెద్ద పిస్టన్ ఉంటుంది, అది పుష్ రాడ్‌ని తోసి ప్లేట్ల మధ్య పట్టు వదిలిస్తుంది. హైస్కూల్లో చదివిన పాస్కల్ సూత్రమే, కొత్తదేమీ లేదు. లెక్క వేస్తే మాత్రం ఆసక్తిగా ఉంటుంది. పై పిస్టన్ అడ్డుకొలత 12 మిల్లీమీటర్లు, కింది పిస్టన్‌ది 30 అనుకుందాం. కింద బలం ఆరు రెట్లకి పైగా పెరుగుతుంది, అదే నిష్పత్తిలో కదలిక తగ్గుతుంది. పై పిస్టన్ 12 మిల్లీమీటర్లు కదిలితే కిందిది రెండు మిల్లీమీటర్లు కూడా కదలదు. ఆ రెండు మిల్లీమీటర్లలోనే క్లచ్ మొత్తం వ్యవహారం ఉంది. ఒక్కసారి లివర్ పూర్తిగా నొక్కితే గొట్టంలో కదిలే ఆయిల్ ఒకటిన్నర మిల్లీలీటర్ కంటే తక్కువే. ఈ అంకె గుర్తుంచుకుంటే తర్వాత వచ్చే చాలా జబ్బులు సులువుగా అర్థమవుతాయి.

ఇక్కడ అన్నిటికంటే ముఖ్యమైన భాగం కంటికి కనపడదు. మాస్టర్ సిలిండర్లో, పిస్టన్ సీలుకి కొద్దిగా ముందు, పైనున్న ఆయిల్ డబ్బీలోకి తెరుచుకునే సూది మొనంత రంధ్రం ఒకటుంటుంది. లివర్ పూర్తిగా వదిలినప్పుడు ఆ రంధ్రం తెరిచి ఉంటుంది, డబ్బీకీ గొట్టానికీ మధ్య ఆయిల్ అటూ ఇటూ తిరగొచ్చు. లివర్ కాస్త నొక్కగానే సీలు ఆ రంధ్రాన్ని దాటి మూసేస్తుంది, అప్పటినుంచి ఒత్తిడి మొదలవుతుంది. ప్లేట్లు అరిగినా, ఇంజిన్ వేడికి ఆయిల్ వ్యాకోచించినా, తేడా ఎంతైతే అంత ఆయిల్ ఈ రంధ్రం గుండా డబ్బీలోకి వెళ్లిపోతుంది. ప్రతిసారీ లివర్ నొక్కేది కొత్తగా సున్నా నుంచి మొదలైనట్టే. క్లచ్ పట్టే చోటు పొద్దున ఇంట్లో బండి తీసినప్పుడు, మధ్యాహ్నం బందర్ రోడ్డు ఎండలో, ఐదువేల కిలోమీటర్ల తర్వాత కూడా దాదాపు ఒకే దగ్గర ఉండటానికి కారణం ఇదే. 'ఆటోమేటిక్‌గా అదే అడ్జస్ట్ అవుతుంది' అని అమ్మేవాళ్లు చెప్పే మాట అబద్ధం కాదు.

పట్టే చోటు మారదు కాబట్టి నేర్చుకోవడం సులువు కావాలి. కానీ మొదటి రోజుల్లో సిగ్నల్ పడగానే ఇంజిన్ ఆగిపోవడమో, బండి ఒక్కసారిగా ముందుకి దూకడమో జరుగుతుంది. కారణం లివర్ వదిలే వేగం. వైరు దాని తొడుగులో రాసుకుంటూ వస్తుంది, ఆ రాపిడి చేతిని కొద్దిగా ఆపుతుంది. పాత వైరు అయితే ఇంకా ఎక్కువ. చెయ్యి ఆ బరువుకి తగ్గట్టు వదలడం నేర్చుకుని ఉంటుంది. హైడ్రాలిక్‌లో ఆ రాపిడి చాలా తక్కువ, లివర్ జారుకుంటూ వచ్చేస్తుంది. అలవాటైన వేగంతోనే వదిలినా క్లచ్ అనుకున్నదాని కంటే ముందే అందుకుంటుంది. దీనికి ఖాళీ గ్రౌండులో ఒక గంట చాలు. ఎక్సలేటర్ ముట్టుకోకుండా, లివర్ మాత్రమే వదులుతూ బండిని నడక వేగంతో కదిలించడం, మళ్లీ నొక్కి ఆపడం. అలా చేస్తుంటే పట్టే చోటు ఎక్కడో వేళ్లకి పట్టుబడుతుంది. వైరు బండి మీద ఈ అభ్యాసం చేసినా రేపటికి చోటు మారొచ్చు. ఇక్కడ మారదు, ఒకసారి నేర్చుకున్నది అలాగే నిలుస్తుంది. ఎక్కుడులో ఆగి కదలడం, ముఖ్యంగా కొండవీడు ఘాట్ లాంటి చోట మలుపులో ఆగి కదలడం, నిజానికి హైడ్రాలిక్ బండి మీదే తేలిక. హాఫ్ క్లచ్‌లో ఎంతసేపు పట్టుకున్నా ఆ చోటు చేతిలోంచి జారదు.

లివర్ మీది అంకెల చక్రం దగ్గర మాత్రం జాగ్రత్త కావాలి. అది లివర్‌ని హ్యాండిల్ గ్రిప్‌కి దగ్గరగానో దూరంగానో జరుపుతుంది. లివర్ దగ్గరికి వస్తే పట్టే చోటు కూడా దాంతోపాటు దగ్గరికొస్తుంది కాబట్టి క్లచ్ సెట్ అయినట్టే అనిపిస్తుంది. అసలు జరిగేది వేరు. లివర్ నొక్కడానికి మిగిలిన దూరం తగ్గింది. మరీ దగ్గర పెడితే లివర్ గ్రిప్‌కి తగిలే సమయానికి కింది పిస్టన్ తన రెండు మిల్లీమీటర్లూ పూర్తి చేయదు, ప్లేట్లు పూర్తిగా విడిపోవు. ఫస్ట్ గేర్లో క్లచ్ పట్టుకుని ఆగితే బండి మెల్లగా ముందుకి లాగుతుంటుంది. న్యూట్రల్ పడదు. గేరు వేసేటప్పుడు 'ఠక్' అని గట్టిగా మోగుతుంది. చిన్న చేతులున్నవాళ్లు చక్రాన్ని చివరిదాకా తిప్పి, తర్వాత గేర్‌బాక్సు పాడైందని కంగారుపడటం ఉన్నదే. ముందు చక్రాన్ని రెండంకెలు వెనక్కి తిప్పి చూస్తే చాలాసార్లు జబ్బు అక్కడే పోతుంది. చేతికి అందడం లేదంటే లివర్ కోణం సరిచూడాలి. మణికట్టు మీదికి వంగకుండా, మోచేయి నుంచి వేళ్ల దాకా ఒక గీతలో ఉండేలా క్లాంపు కిందికి దించితే అదే లివర్ దగ్గరైనట్టు అనిపిస్తుంది. దీనికి పానా తప్ప ఖర్చేమీ లేదు.

హైడ్రాలిక్ అంటే తేలిక అనే నమ్మకం గురించి కొంచెం చెప్పాలి. లివర్ బరువు ప్రధానంగా ప్లేట్లని బిగించి ఉంచే స్ప్రింగుల నుంచి వస్తుంది. ఆ స్ప్రింగులు వైరునీ చూడవు, ఆయిల్‌నీ చూడవు. 'అసిస్ట్ అండ్ స్లిప్పర్' క్లచ్‌లు వచ్చాక వైరు బళ్లే వెన్నలా ఉంటున్నాయి. ఇంజిన్ లాగుతున్నప్పుడు లోపలి వాలు పళ్లే ప్లేట్లని బిగిస్తాయి, అందుకని స్ప్రింగులు మెత్తవి పెట్టుకోవచ్చు. ఆర్15, నింజా 300, ఎన్‌ఫీల్డ్ 650ల లివర్ తేలిగ్గా ఉండటానికి కారణం ఇదే. పాత డుకాటీ మీద కూర్చున్నవాళ్లకి హైడ్రాలిక్ క్లచ్ బండరాయిలా తగిలితే ఆశ్చర్యం లేదు. హైడ్రాలిక్ గెలిచేది ఇంకోచోట. కొత్తలో ఎంత బరువుందో రెండేళ్ల తర్వాతా అంతే ఉంటుంది. గొట్టం హెడ్‌లైటు వెనక ఎన్ని వంపులు తిరిగినా తేడా రాదు. వైరుకి ప్రతి వంపూ బరువే, దుమ్ము, వాన తోడైతే ఇంకా బరువు.

ఇక అసలు సంగతి, అరుగుదల. క్లచ్ పైన పడుతోందని వైరు బండి వాళ్లు చేసే ఫిర్యాదు నిజానికి ప్లేట్ల హెచ్చరిక. అడ్జస్టర్ చివరికొచ్చేసి, ఇంక తిప్పడానికి మరలు లేవంటే ప్లేట్లు మార్చే రోజు దగ్గర పడిందని అర్థం. హైడ్రాలిక్ ఆ హెచ్చరికని తనలోనే సర్దేసుకుంటుంది. లివర్ మొదటి రోజులాగే ఉంటుంది, పట్టే చోటూ మారదు, ఒక రోజు హైవే మీద ఎక్సలేటర్ తిప్పితే ఇంజిన్ రేస్ అవుతుంది గానీ బండి లాగదు. అప్పటిదాకా అంతా బాగున్నట్టే ఉంటుంది.

హెచ్చరిక ఎక్కడా లేదని కాదు, ఆయిల్ డబ్బీలో ఉంటుంది. అదీ చాలామంది అనుకునేదానికి తలకిందులుగా. బ్రేకు ప్యాడ్లు అరిగితే కాలిపర్ పిస్టన్లు బయటికొస్తాయి, డబ్బీలో ఆయిల్ తగ్గుతుంది. క్లచ్‌లో అలా కాదు. ప్లేట్లు పలచబడితే వాటిని బిగించి ఉంచే ప్రెజర్ ప్లేటు లోపలికి జరుగుతుంది, పుష్ రాడ్ స్లేవ్ పిస్టన్‌ని వెనక్కి నెడుతుంది, అక్కడున్న ఆయిల్ పైకి డబ్బీలోకి వస్తుంది. అంటే క్లచ్ అరిగేకొద్దీ డబ్బీలో ఆయిల్ పెరుగుతుంది. తగ్గిందంటే అది అరుగుదల కాదు, ఎక్కడో లీకు. ఈ తేడా తెలియని సర్వీసులో కుర్రాడు రెండు డబ్బీలనీ ఒకేలా చూసి, రెండిట్లోనూ పై గీత దాకా నింపేస్తాడు. క్లచ్ డబ్బీ నిండుగా ఉంటే ఇంకా అరిగినప్పుడు వచ్చే ఆయిల్‌కి చోటు లేదు. చోటు లేకపోతే ఒత్తిడి గొట్టంలోనే నిలుస్తుంది, లివర్ వదిలేసినా క్లచ్ కొద్దిగా నొక్కినట్టే ఉంటుంది, జారుడు మొదలవుతుంది, జారుడుతో అరుగుదల ఇంకా పెరుగుతుంది. పాత బండి కొనేటప్పుడు క్లచ్ డబ్బీ అద్దంలో ఆయిల్ ఎక్కడుందో చూసి, కిలోమీటర్ల మీటరుతో పోల్చుకుంటే అమ్మేవాళ్ల మాటల కంటే ఎక్కువ తెలుస్తుంది. కొన్న రోజే ఒక ఫొటో తీసుకుని, ఆరు నెలలకోసారి బండి నిటారుగా నిలబెట్టి అదే కోణంలో మరో ఫొటో తీస్తే అంతకంటే మంచి రికార్డు లేదు.

అనుమానం వస్తే పరీక్ష సులువే. ఖాళీ రోడ్డు మీద టాప్ గేర్లో, అరవై వేగంలో ఎక్సలేటర్ పూర్తిగా తిప్పాలి. టాకోమీటర్ ముల్లు పైకి ఎగిరి బండి వేగం పెరగకపోతే క్లచ్ జారుతున్నట్టు. అయితే ఆ జారుడుకి ప్లేట్లే కారణమని వెంటనే తీర్మానించకూడదు. ఇంజిన్ ఆయిల్ డబ్బా మీద జాసో ఎంఏ లేదా ఎంఏ2 అని, అంటే బైకు క్లచ్‌కి పనికొచ్చే ఆయిల్ అని చెప్పే గుర్తు, ఉందో లేదో చూడాలి. ఈ బళ్లలో చాలావాటిలో ప్లేట్లు ఇంజిన్ ఆయిల్లోనే మునిగి ఉంటాయి, రాపిడి తగ్గించే మందులు కలిపిన కారు ఆయిల్ పోస్తే కొత్త ప్లేట్లు కూడా జారతాయి.

ఆయిల్ కాకపోతే అనుమానించాల్సింది లివర్. అందం కోసం, విరిగినప్పుడు చవకలో దొరికాయనో ఆన్‌లైన్లో కొన్న రంగు రంగుల లివర్లు చాలా బళ్లకి కనిపిస్తాయి. వైరు క్లచ్‌కి అవి పెద్ద ముప్పు కాదు, తేడాని అడ్జస్టర్ సర్దేస్తుంది. హైడ్రాలిక్‌లో లివర్ వెనక పిస్టన్‌ని తోసే భాగం ఒక్క మిల్లీమీటర్ పొడుగైనా పిస్టన్ పూర్తిగా వెనక్కి రాదు, ఆ సూది రంధ్రం తెరుచుకోదు. చల్లగా ఉన్నప్పుడు ఏమీ తెలియదు. ఇంజిన్ వేడెక్కి ఆయిల్ వ్యాకోచించాక పోవడానికి దారి లేక అదే క్లచ్‌ని నొక్కుతుంది. పొద్దున బాగున్న బండి మధ్యాహ్నం జారడం, అరగంట నీడలో పెడితే మళ్లీ బాగవడం దీని లక్షణం. దీనికి ప్లేట్లు మార్పించి వేలు ఖర్చుపెట్టినా జబ్బు పోదు. పరీక్ష ఇలా: లివర్‌ని వేలితో అతి కొద్దిగా కదిపితే, పిస్టన్ తగలకముందు చిన్న వదులు తెలియాలి. ఇంకా రూఢి కావాలంటే డబ్బీ మూత తీసి, మొహం దూరంగా పెట్టి, లివర్ చాలా మెల్లగా నొక్కాలి. మొదట్లోనే ఆయిల్ పైన చిన్న సుడి గానీ, సన్నని చిమ్ము గానీ కనిపించాలి. కనిపించలేదంటే రంధ్రం మూసుకునే ఉంది. ఆ ఆయిల్ ట్యాంకు మీద పడితే పెయింటు పోతుంది, వెంటనే నీళ్లతో కడగాలి.

ఆయిల్ అంటే ఏ ఆయిల్ అన్నది మూత మీదే రాసి ఉంటుంది. ఎక్కువ బళ్లకి డాట్ 4 బ్రేక్ ఆయిలే. కొన్ని యూరప్ బళ్లకి, ముఖ్యంగా మగురా అనే కంపెనీ సిస్టం ఉన్న వాటిలో చాలావాటికి మినరల్ ఆయిల్ వాడతారు. ఒకదానిలో ఇంకోటి పోస్తే రబ్బరు సీళ్లు ఉబ్బి పాడవుతాయి, బాగుచేయడం అంటే అన్ని సీళ్లూ మార్చడమే. డాట్ 4కి ఇంకో గుణం ఉంది, గాలిలో తేమని పీల్చుకుంటుంది. కొత్తది కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం. 3.7 శాతం నీరు చేరిన దానికి ఆ హద్దు 155 డిగ్రీలే. మే నెలలో 44, 45 డిగ్రీల ఎండ కాసే ఊళ్లో, ఇంజిన్ కేసుకి అతుక్కుని ఉండే స్లేవ్ సిలిండర్ పడే వేడి బ్రేకు గొట్టానికి మామూలుగా తగిలే దానికంటే వేరు. క్లచ్ ఆయిల్ బ్రేక్ ఆయిల్ కంటే ముందే నల్లబడటానికి ఈ వేడి ఒక కారణం, సీలు రబ్బరు అరుగుదల ఇంకోటి. రెండేళ్లకోసారి మార్చమని చాలా మాన్యువల్స్ చెప్తాయి. కృష్ణా తీరపు ఉక్కకి ఏడాదిన్నరకే మార్చినా దుబారా కాదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు రోజుల తరబడి నీళ్లలో నిలిచిన బళ్లకి ఇంజిన్ ఆయిల్ మార్పించినవాళ్లు చాలామంది, బ్రేకు, క్లచ్ ఆయిళ్ల సంగతి గుర్తొచ్చినవాళ్లు తక్కువ. ఇప్పటికీ సెకండ్‌హ్యాండ్‌లో బండి చూస్తుంటే అది అప్పుడు ఎక్కడుందో అడగడం తప్పు కాదు.

గొట్టంలో గాలి చేరితే లివర్ మెత్తబడుతుంది. నొక్కినప్పుడు కదిలే ఆయిల్ ఒకటిన్నర మిల్లీలీటర్ కూడా లేదని పైన చూశాం. అందులో పావు మిల్లీలీటర్ గాలి ఉన్నా కింది పిస్టన్ కదలికలో ఆరో వంతు పోయినట్టే. బ్రేకులో అంత గాలి ఉంటే లివర్ ఇంకొంచెం లోపలికెళ్తుంది, అంతే. క్లచ్‌లో అయితే న్యూట్రల్ పడదు. గాలి తీయడం బ్రేకులకి తీసినట్టే, స్లేవ్ దగ్గర గాలి వదలడానికి ఉండే చిన్న స్క్రూకి, అంటే నిపుల్‌కి, సన్నని ట్యూబు తొడిగి, ఒకళ్లు లివర్ నొక్కి పట్టుకుంటే ఇంకొకళ్లు నిపుల్ తెరిచి మూయాలి. బ్రేకులు బ్లీడ్ చేయగల మెకానిక్ ఎవరైనా చేయగలరు. మొండికేసే బుడగ సాధారణంగా పైనే, మాస్టర్ సిలిండర్ నుంచి గొట్టం మొదలయ్యే బోల్టు దగ్గర ఇరుక్కుంటుంది. మూత తీసి లివర్‌ని చిన్న చిన్నగా టకటకా కదుపుతుంటే అది డబ్బీలోకి తేలుతుంది.

ఈమధ్య వైరు బళ్లకి బిగించే హైడ్రాలిక్ కిట్లు ఆన్‌లైన్లో దొరుకుతున్నాయి. మాస్టర్ సిలిండర్, గొట్టం, పాత క్లచ్ ఆర్మ్‌ని (ఇంజిన్ పక్కన వైరు కొస తగిలించే మీటని) లాగే చిన్న స్లేవ్, అన్నీ కలిపి ఒక ప్యాకెట్. 150, 200 సీసీ బండికి ఇది పెట్టించడం డబ్బుకి పట్టిన చేటు. స్ప్రింగులు అవే, ఆర్మ్ అదే. రెండు సిలిండర్ల కొలతలు ఆ బండి కోసం లెక్కేసినవి కావు కాబట్టి ఆర్మ్ చాలినంత కదలకపోవచ్చు, లేదా అవసరానికి మించి కదిలి లోపలి భాగాల్ని ఒరిపిడి పెట్టొచ్చు. బరువు తగ్గాలన్నదే కోరిక అయితే కంపెనీ వైరు కొత్తది వేయించి, హ్యాండిల్ అటూ ఇటూ తిప్పినా ఎక్కడా మడత పడకుండా దారి సరిచేయిస్తే రాపిడితో పెరిగిన బరువు చాలావరకు తగ్గుతుంది. ఆర్మ్ దగ్గర తుప్పు వదిలించి గ్రీజు పెడితే ఇంకాస్త తగ్గుతుంది.

దారిలో చెడిపోవడం విషయంలో మాత్రం వైరుదే పైచేయి. మంగళగిరి దాటాక వైరు తెగితే ఏ చిన్న సెంటర్లోనైనా ఇంకోటి దొరుకుతుంది, ముందు జాగ్రత్తగా పాత వైరు పక్కనే కొత్తది కట్టి ఉంచుకునేవాళ్లూ ఉన్నారు. హైడ్రాలిక్ ఒక్కసారిగా తెగడం అరుదు, మెల్లగా చెప్పి పోతుంది. స్లేవ్ సీలు కారడం మొదలైతే లివర్ రోజురోజుకీ లోపలికి వెళ్తుంది, ఇంజిన్ పక్కన తడి కనిపిస్తుంది. హైవే మీద లివర్ గ్రిప్‌కి తగిలేస్తే వెంటవెంటనే నాలుగైదుసార్లు నొక్కితే ఒకటి రెండు గేర్లు మార్చుకునేంత ఒత్తిడి తిరిగొస్తుంది. అదీ రాకపోతే ఎక్సలేటర్ ఒక్క క్షణం వదులుతూ క్లచ్ లేకుండానే పై గేర్లకి మార్చుకుని, ఆగే అవసరం తక్కువున్న రోడ్డు మీద మెల్లగా లాగించొచ్చు. రెండొందల కిలోలు దాటిన బండితో ఊళ్లో సిగ్నళ్ల మధ్య ఈ సాహసం పనికిరాదు. అక్కడ పక్కన ఆపి ట్రాలీ ఆటోకి ఫోన్ చేయడమే మేలు. ఆటోనగర్లో ఆ సీలు విప్పి బిగించే చేతులు ఉన్నాయి, సీలు మాత్రం చాలాసార్లు షాపులో ఉండదు, కొరియర్లో రావాలి. పెద్ద బండి చేతులు మారేటప్పుడు స్లేవ్ సీల్ కిట్ ఒకటి, ఆ బండి మోడల్, సంవత్సరం చెప్పి తెప్పించి ఇంట్లో పెట్టుకుంటే కొరియర్ కోసం ఎదురుచూస్తూ బండిని వారం రోజులు షెడ్డులో వదిలేసే పని తప్పుతుంది.